కదలదనుకున్న నేల

మెకానిక్ మీట నొక్కగానే నా కారు నేల విడిచి పైకి లేచింది. లిఫ్టు స్తంభం లోపల ఇనుప కొక్కెం పళ్ల పట్టీలో ఒక్కో పంటికి పడుతూ టక్, టక్‌మని చప్పుడు చేసింది. షెడ్డు నిండా కాలిన నూనె వాసన. సర్వీసుకు వచ్చినవాళ్లు ఎవరైనా తమ కారునే చూసుకుంటారు. నేను మాత్రం వంగి స్తంభం అడుగున ఉన్న బోల్టులను, వాటి చుట్టూ గచ్చును చూస్తాను. “ఏమన్న పడ్డదా మేడం?” అని ఈ మెకానిక్ కూడా అడిగాడు. ఏమీ లేదని పక్కకు జరిగాను. గచ్చు మీద పగుళ్లు లేవు. ఇది హమీద్ సార్ నాకు అంటించిన అలవాటు. ఆయన పోయాక కూడా అది నన్ను వదల్లేదు.

ప్రత్యేక రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను ఆలేరు నుంచి వచ్చి, జడ్చర్లలో గది కిరాయికి తీసుకుని ఒక చిన్న ఫ్యాక్టరీలో చేరాను. గారేజీల్లో కార్లను పైకెత్తే లిఫ్టులు అక్కడ తయారయ్యేవి. మొదటిరోజు గేటు దగ్గర వాచ్‌మన్ నన్ను చూసి, అడగకుండానే అకౌంట్స్ ఆఫీసు వైపు చెయ్యి చూపించాడు. నేను వెళ్లవలసింది డిజైన్ గదికి. ఆ గదికి పెద్ద హమీద్ సార్. మహబూబ్‌నగర్ మనిషి, యాభై దాటిన వయసు, ఇస్త్రీ నలగని చొక్కా, మాట తక్కువ. లిఫ్టు తయారు కాకముందే అది బరువు తట్టుకుంటుందో లేదో కంప్యూటర్లో తేల్చడం మా పని. లిఫ్టు బొమ్మను వేల చిన్న ముక్కలుగా విడగొట్టాలి, దాన్నే మెష్ అంటారు. తర్వాత లోడ్ పెట్టాలి, అంటే కారు బరువు ఎక్కడ ఎంత పడుతుందో చెప్పాలి. ఏ భాగం కదలకుండా ఉంటుందో కూడా చెప్పాలి. అప్పుడు కంప్యూటర్ లెక్క కట్టి, ఎక్కడ ఒత్తిడి ఎక్కువైతే అక్కడ ఎరుపు రంగు చూపిస్తుంది.

చేరిన వారంలోనే కారును కింద నుంచి మోసే ఒక లిఫ్టు చేతిని ఒప్పజెప్పారు. నా తెలివి చూపించుకోవాలని దాని నిండా సన్నటి మెష్ వేశాను. కంప్యూటర్ పొద్దంతా మూలిగింది. సార్ వచ్చి నా వెనక నిలబడ్డారు. “పిండి జల్లెడ లెక్క జేసినవ్ గద. గింత సన్నగ అంతట ఎందుకు? మూల దగ్గర జెయ్యి. కడమ జాగల పెద్దగుంటే ఏంది?” అన్నారు. మూలలో ఎరుపు చూసి నేను కంగారుపడితే, “ఆ ముక్కలను మల్ల సగం జేసి చూడు. అంకె ఒక్కతాన నిలవడుతదా, ఇంక పెరుగుకుంట పోతదా? నిలవడని అంకెను నమ్మకు” అన్నారు. కారు బరువును నాలుగు చేతుల మీదా సమంగా పంచినందుకు కూడా చీవాట్లు తిన్నాను. “ఇంజను ముందట ఉంటది. మెకానిక్ తొందరల ఉంటడు, వంకర ఆపుతడు. నువ్వు గూడ వంకర పెట్టు.”

ఆ తర్వాత స్తంభం అడుగు పలకను ఎంచుకుని, ‘ఇది కదలదు’ అన్న గుర్తు మీద నొక్కాను. అందరూ చేసే పనే. సార్ కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చున్నారు. “నేల కదలదని ఎవ్వలు జెప్పిన్రు నీకు?” అని మెల్లగా అడిగారు. “అందరు గట్లనే పెడ్తరు గద సార్” అన్నాను. “అవు. నేను గూడ పెట్టిన. రేపు పొద్దుగాల కొత్తకోట పోదం.”

కొత్తకోటలో తన తెల్ల కారును హైవే పక్కన చాయ్ హోటల్ ముందు ఆపారు. ఎదురుగా రోడ్డుకు అవతల ఒక గారేజీ. రేకుల కింద కుర్చీలో ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ఒక కాలు మోకాలి కింద పెట్టుడు కాలు, పక్కన చేతికర్ర. సార్ చూపు తిప్పకుండా చెప్పారు: “ఆయన పేరు కుర్మయ్య. గారేజీ ఆయనదే. మన లిఫ్టే కొన్నడు. మెష్ మంచిగుండె, లోడ్ మంచిగుండె. స్తంభం వంగలే, బోల్టు తెగలే. గచ్చు పల్చగుండె, దాని కింద పోసిన మట్టి. నేలనే లేచొచ్చింది. కారు ఆయన మీద వడ్డది. దవాఖానల కాలు తీసేసిన్రు.”

విచారణలో ఆయన తప్పు లేదని తేలినట్టు ఆఫీసులో అప్పటికే విన్నాను. అదే అన్నాను. “తేలింది” అన్నారు. “గచ్చు చూసుకునుడు బిగించెటోళ్ల పనట. నేను జేసింది ఒక్క నొక్కు. నేల కదలదన్న. ఆ నేలను నేను కండ్లతోని చూడనే లేదు.” దిగి మాట్లాడరా అని అడిగాను. “దానికే వస్త. ఏం మాట్లాడాల్నో జడ్చర్ల నుంచి అనుకుంటనే వస్త. ఈడికొచ్చినంక నోరు పెగల్దు.” నేను వెళ్లి చెప్పనా అంటే తల అడ్డంగా ఊపారు. “వద్దు బిడ్డా. అది నేను జెయ్యవలసిన పని.” చాయ్ గ్లాసు తిరిగి ఇచ్చేసి కారు వెనక్కి తిప్పారు.

కొత్తగా ఎవరు చేరినా ఇదే ప్రయాణం. ఆఫీసులో దాన్ని కొత్తకోట యాత్ర అని నవ్వుకునేవాళ్లం, సార్ లేనప్పుడు. ఆ ప్రమాదం తర్వాత గచ్చుకు రంధ్రం వేసి మందం చూడనిదే ఆయన ఏ లిఫ్టుకూ సంతకం పెట్టేవారు కాదు. కొన్నవాళ్లు విసుక్కునేవాళ్లు, ఓనరు గొణిగేవాడు. సార్ ఎవరికీ సంజాయిషీ ఇవ్వలేదు. లిఫ్టుల విషయంలో అంత మొండిగా నిలబడిన మనిషి, ఒక్క రోడ్డు దాటడానికి అంత జంకడం నాకు అర్థమయ్యేది కాదు.

రిటైరయ్యే ముందు ఒకరోజు నన్ను రమ్మన్నారు. దారిలో బత్తాయిలు కొన్నారు. ఈసారి దిగుతారని నాకు నమ్మకం కుదిరింది. హోటల్ ముందు కారు ఆపి, తలుపు తీసి, ఒక కాలు కింద పెట్టారు. అవతల కుర్మయ్య కర్ర అందుకుని లేచి నిలబడ్డాడు. అప్పుడే ఒక కారు హారన్ కొట్టుకుంటూ గారేజీలోకి తిరిగింది. సార్ కాలు లోపలికి తీసుకున్నారు. “గిరాకీ వచ్చింది. పనిల ఉన్నడు. ఇంకోపారి వద్దం” అన్నారు. బత్తాయిల సంచి ఆఫీసు బల్ల మీద పెట్టి వెళ్లిపోయారు. మేమెవరమూ వాటిని ముట్టుకోలేదు. రిటైరైన కొన్నాళ్లకే గుండెపోటుతో సార్ పోయారు.

వద్దన్న మనిషి లేరు కాబట్టి, ఒకరోజు ఒక్కదాన్నే వెళ్లి ఆ గారేజీ ముందు దిగాను. హమీద్ సార్ దగ్గర పనిచేశానని చెప్పాను.

“తెల్ల కారు సారేనా?” అన్నాడు కుర్మయ్య.

అవునన్నాను. మీకెట్ల ఎరుక అని అడిగాను.

“ఎరుకే. హోటలాయన ఎన్నడో చెప్పిండు. ముందుగాల శాన కోపముండె. రానీ, అడిగి కడిగేస్త అనుకుంటి. పోను పోను కోపం పోయింది. గంత దూరంకెల్లి వస్తుండు, ఒక్కపారి దిగుతే కూసోబెట్టి చాయ్ తాపిస్త అనుకుంటి. ఒకనాడు కాలు కింద పెట్టిండు. వస్తుండని లేచి నిలవడ్డ. గంతల గిరాకీ బండి అడ్డమొచ్చె. మల్ల చూస్తే డోర్ ఏసుకొని పోతుండు.” కుర్చీ నా వైపు జరిపి అడిగాడు. “ఇప్పుడు మంచిగున్నడా సారు?”

సార్ పోయారని చెప్పాను. ఆయన రోడ్డు అవతల హోటల్ వైపు చూశాడు. “నేనన్న రోడ్డు దాటకపోతి” అన్నాడు.

ఇప్పుడు డిజైన్ గదికి పెద్దను నేనే. కొత్తగా చేరినవాళ్లను నేనూ కొత్తకోట తీసుకెళ్తాను. కారు గారేజీ లోపలే ఆపుతాను. కుర్మయ్య అందరికీ చాయ్ తెప్పిస్తాడు. గచ్చు ఎక్కడ లేచొచ్చిందో తనే కర్రతో చూపిస్తాడు. అందరూ శ్రద్ధగా వింటారు. నా మనసు మాత్రం అక్కడ నిలవదు. తనకోసం ఒక మనిషి లేచి నిలబడ్డాడని తెలియకుండానే సార్ వెళ్లిపోయారు. ఆ బాధ ప్రతిసారీ నాతో జడ్చర్ల దాకా వస్తుంది.