జీపు ముందు సీట్లో ఆ అమ్మ

నా చిన్నప్పుడు, ఏ పండగా లేకుండానే మా జాలరిపేట వీధిలో డప్పులు మోగిన రోజు ఒకటుంది. ఆ రోజు మా చిన్న మావయ్యకు పతకం ఇచ్చారు. ఆయన నౌకాదళంలో పనిచేసేవాడు. తుపానులో ఒక పడవ మునిగిపోతుంటే ఆయనా, ఆయన స్నేహితుడూ ఓడ మీంచి సముద్రంలోకి దూకి జాలర్లను కాపాడారు.

పొద్దున్నే అమ్మమ్మ నాకు తలంటి కొత్త గౌను తొడిగింది. పెరేడ్ మైదానంలో తెల్లటి దుస్తుల నావికులు అడుగు కలిపి నడుస్తుంటే, బ్యాండు మోతకు నా కాళ్ళు ఆగలేదు. పెద్ద అధికారి మావయ్య గుండెమీద పతకం పెట్టినప్పుడు కుర్చీ ఎక్కి మరీ అరిచాను. అమ్మమ్మ నన్ను కిందికి లాగిందే గాని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ తనూ నవ్వుతోంది.

ఆ తర్వాత పిలిచిన పేరుకు నావికుడెవరూ రాలేదు. సబ్బవరం దగ్గరి పల్లె నుంచి వచ్చిన ఒక పెద్దావిడ మెల్లగా నడిచి వెళ్ళి, రెండు చేతులూ చాపి పతకం అందుకుంది. మావయ్య స్నేహితుడి అమ్మ ఆవిడ. నీళ్ళలో మిగిలిపోయిన జాలరి కోసం మళ్ళీ దూకిన ఆ కొడుకు ఇక పైకి రాలేదు.

బయట బంతిపూల దండలు కట్టిన టాపు లేని జీపు మాకోసం ఆగి ఉంది. అందులో మావయ్య పక్కన కూర్చోవాలని ఎన్నాళ్ళుగానో ఉబలాటపడుతున్నాను. ఆయన మాత్రం నేరుగా ఆవిడ దగ్గరికి వెళ్ళాడు.

"అమ్మా, మా ఈదికి రా. నువ్వు ముందు కూకో, నాను నడుత్తాను."

ఆవిడ బెదిరిపోయింది. "ఏటి బాబూ, కొడుకు పోయినదాన్ని, నాకు డప్పులేటి? నలుగురూ ఏటనుకుంతారు?"

"ఆడూ గెలిసేడు కదమ్మా. ఆడికి డప్పులు ఎవులు కొట్టిత్తారు?"

ఆవిడ చేతిలోని పతకం కేసి చూసుకుంది. చివరికి జీపెక్కింది. బిక్కమొహం వేసుకుని నిలబడ్డ నన్ను చూసి, దగ్గరికి లాక్కుని ఒళ్ళో కూర్చోబెట్టుకుంది.

మా వీధి మొదట్లో డప్పులు ఒక్కసారిగా ఆగిపోయాయి. జీపులో మావయ్య లేడు, ఎవరికీ తెలియని పెద్దావిడ ఉంది. పక్కన నడుస్తున్న మావయ్య, ఆమె కొడుకు చేసిన పని అందరికీ వినబడేలా చెప్పాడు. చేపలమ్మే ఆడవాళ్ళు గంపలు దించి వచ్చి ఆమె మీద పూలు చల్లారు. డప్పులు మళ్ళీ అందుకున్నాయి, ఇందాకటికన్నా గట్టిగా. ఉన్నట్టుండి ఆవిడ పతకాన్ని తలపైకి ఎత్తి, "మావోడిది! ఇది మావోడిది!" అని అరిచింది. నేనూ ఆమెతోపాటు గొంతు పోయేదాకా అరిచాను.

పోయినవాళ్ళ ఊసు తలుపు చాటున, గొంతు తగ్గించి చెప్పుకునేదని అప్పటిదాకా అనుకునేదాన్ని. ఇప్పుడు నాకు మనవలున్నారు. ఎవరింటికి పరామర్శకు వెళ్ళినా, పోయినవాళ్ళు చేసిన మంచి పని ఒకటి అడిగి చెప్పించుకుంటాను. చెబుతూ చెబుతూ వాళ్ళ గొంతు లేచేదాకా అక్కడే కూర్చుంటాను.