డయాలసిస్ గదిలో చోడంబలి

ఎనభైల నాటి మాట. మా ఆయన గూడెం కొత్తవీధి దగ్గర కాఫీ తోటలో సూపర్‌వైజరు. మేం విజయనగరం వైపు పల్లపోళ్లమే గానీ, కొండమీద అన్నేళ్లు ఉన్నాక మా కడుపులకీ చోడంబలే, అదే పల్చటి రాగిజావే, అలవాటైంది. ఆయన కిడ్నీలు రెండూ పాడయ్యాయని తేలాక, విశాఖపట్నంలో కొత్తగా పెట్టిన డయాలసిస్ క్లినిక్కుకి వారం వారం బస్సులో ఘాట్ దిగేవాళ్లం.

నాకు ఆసుపత్రులంటే నమ్మకం లేదు. మొదటిరోజే కొత్త కోడలి వంటింట్లో అత్తగారిలా తిరిగాను. దుప్పట్లు ఎత్తి చూశాను, బాత్రూములు చూశాను. సూది ప్రతివాళ్లకీ కొత్తదే. నర్సమ్మ చేతులు కడుక్కున్నాకే ఆయన చెయ్యి పట్టుకుంది. వంక పెడదామంటే ఒక్కటీ దొరకలేదు.

డాక్టరు ఒకటే గట్టిగా చెప్పాడు: రోజుకి ఒక్క గ్లాసు నీళ్లు. అంతకుమించితే ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణం పోతుంది.

మా ఆయన మాటంటే మాటే. ఆ రోజు నుంచి నీళ్ల కుండవైపు తిరిగి చూడలేదు. దాహమేస్తే పెదాలకి తడిగుడ్డ అద్దుకునేవాడు. అయినా వెళ్లిన ప్రతిసారీ కాళ్లు ఉబ్బి ఉండేవి, తూకంలో బరువు పెరిగేది.

"దొంగచాటుగా నీళ్లు తాగుతున్నావు. నీకు మిషనెందుకయ్యా, దండగ" అన్నాడు డాక్టరు ఒకరోజు, పక్క మంచాల వాళ్లంతా వింటూండగానే. మా ఆయన తెల్లబోయాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మోదకొండమ్మ తల్లి తోడు. ఒక్క గ్లాసే. నా సేత్తోనే పోసి ఇత్తన్నాను" అన్నాను.

"అందరూ ఇలాగే చెప్తారమ్మా" అని వెళ్లిపోయాడు.

ఆ తరవాతి వారం బస్సులో ఆయనకి ఊపిరి అందలేదు. క్లినిక్కులో మంచం ఖాళీ అయ్యేదాకా బెంచీమీద కూచోబెట్టి, ఏదైనా కడుపులో పడితే ఓపికొస్తుందని అంబలి పోశాను. తోటలో పనిచేసే కొండోళ్ల ఆడవాళ్లు ఇచ్చిందే. ఎవరైనా మంచాన పడితే ఇంటికొకరు వంతులేసుకుని ఎండిన ఆనపకాయ బుర్రతో అంబలి తెస్తారు. బుర్ర ఖాళీ అయ్యేదాకా ఎదురుగా కూచుంటారు. వద్దంటే ఆ ఇంటినే కాదన్నట్టు. ఆ పొద్దున ఒకావిడ పరిగెత్తుకొచ్చి బస్సు కిటికీలోంచి అందించింది.

డాక్టరు అటే వచ్చాడు. "అదేంటి?"

"అంబలండీ. ఆకలికి."

"రోజుకి ఎంత?"

"పొద్దున ఈ బుర్రెడు. మజ్జానం ఇంకో ఇంటోళ్లు తెత్తారు. సాయంత్రం మళ్లీ ఒకలు."

డాక్టరు గబుక్కున బుర్ర అందుకుని వంచి చూశాడు. "ఇదంతా నీళ్లే కదమ్మా."

దాహానికి తాగేది నీళ్లు, ఆకలికి తాగేది అంబలి. మాకు తెలిసింది అంతే. కడుపు నింపితే మనిషి పోతాడని ఏ తల్లి కన్నబిడ్డ అనుకుంటుంది? తేరుకున్నాక నోరు ఆగలేదు.

"ఇన్నాళ్లూ తూసారు, తిట్టారు. ఇంట్లో ఏటి తింతన్నావని ఒక్కసారైనా అడిగారా బాబూ?"

"మీరు చెప్పలేదు కదమ్మా."

"రోజూ తినే తిండి డాక్టరుకి సెప్పాలని ఎవలికి తెలుస్తాది?"

డాక్టరు వెళ్లి మా ఆయన చెయ్యి పట్టుకుని, నిన్ను అనకూడని మాట అన్నానన్నాడు. అప్పటికే చేరిన నీటికి మా ఆయన గుండె దెబ్బతింది. మిషను పెట్టారు గానీ నీరు అనుకున్నంత దిగలేదు.

మంచం మీంచి మా ఆయన నన్ను దగ్గరికి పిలిచాడు. డాక్టరు మాటలన్నీ విన్నాడు. నన్ను నిందిస్తాడేమో అనుకున్నాను.

"తోటలో ఆడోళ్లకి ఈ సంగతి సెప్పకే. తట్టుకోలేరు" అన్నాడు.

ఆ వారమే పోయాడు. కొండకి తీసుకొచ్చాక ఆ ఆడవాళ్లంతా వచ్చి నా చుట్టూ కూచున్నారు. వాళ్లలో పెద్దావిడ నా వీపు నిమురుతూ, "ఏడవకమ్మా, బాబు ఆకలితో ఎల్లలేదు. ఆఖరుదాకా మా సేతి అంబలే తాగినాడు" అంది.

అవునమ్మా అన్నాను.