మా అత్త జ్వరానికి పేరు

మొన్న పొద్దున మా మదనపల్లె వీధిలోకి ఆశా కార్యకర్త వచ్చి, ఇంట్లో ఎవరికైనా జ్వరముందా అని అడిగింది. ఏ జ్వరమని ఎదురడిగాను. ఆ అమ్మాయి పుస్తకం తెరిచి డెంగీ, చికెన్‌గున్యా, స్వైన్‌ఫ్లూ అని చదువుకుంటూ పోయింది. మా చిన్నప్పుడు జ్వరానికి ఇన్ని పేర్లెక్కడివి? కంబళి కప్పుకుని పడుకుంటే అదే జ్వరం. ఆ జాబితాలో మా అత్త జ్వరం కోసం చెవులు రిక్కించాను. రాలేదు.

కరోనా తగ్గిన మరుసటి ఏడు, వానలు వెనకపట్టు పట్టిన రోజుల్లో, పుంగనూరులో మా అత్త మంచం పట్టింది. రెండావుల మనిషి, తెల్లారగానే కొడవలి పట్టుకుని గట్ల వెంబడి గడ్డి కోసుకొచ్చేది. నేను వెళ్ళేసరికి ఐదో రోజు. డిగ్రీ చదివినదాన్ని కాబట్టి చూడగానే డెంగీ అని తేల్చేశాను. రక్తపరీక్షలో డెంగీ లేదంటే పరీక్షే తప్పని ల్యాబు అబ్బాయితో పోట్లాడాను. బొప్పాయి ఆకు దంచి రసం తాగించాను. వాంతి చేసుకుంటే, చూశారా, అదే డెంగీ లక్షణం అన్నాను. తడిగుడ్డతో ఒళ్ళు తుడుస్తుంటే నడుము దగ్గర, లంగా బొందు కింద, నల్లటి పక్కు కనిపించింది. నొప్పి లేదంది అత్త. బొందు బిగించి కట్టే ఆడవాళ్ళకు అక్కడ నల్లగా కాయ కాసే ఉంటుంది, నాకూ ఉంది. కొబ్బరినూనె రాసి, బొందు వదులు చేసి, ఆ సంగతే మరిచిపోయాను.

ఎనిమిదో రోజుకు ఆయాసం. నన్ను పట్టుకుని, ఎప్పుడో చనిపోయిన తన చెల్లెలి పేరుతో పిలిచింది. మా ఆయనా నేనూ కారులో కుప్పం ఆసుపత్రికి తీసుకుపోయాం. అక్కడి డాక్టరమ్మకు మా అమ్మాయి వయసుంటుంది. నేను డెంగీ గురించి మొదలుపెట్టగానే చెయ్యెత్తి ఆపింది.

"ఒంటి మీద యాడన్నా నల్లపక్కు ఉండాదా? బీడీతో చురక పెట్టినట్టు?"

అత్త నడుము వైపు వేలు చూపించాను.

గడ్డిలో ఉండే, కంటికి ఆనని పురుగు కుట్టిన చోటట అది. జబ్బు పేరు స్క్రబ్ టైఫస్. మాత్రలు పడ్డాక రెండు రోజులకు జ్వరం దిగింది. మూడో రోజు అత్త లేచి కూర్చుని, ఇది కొత్త జబ్బా అని అడిగింది. పాతదేనని, పోయిందనుకున్నామని, మళ్ళీ వస్తోందని చెప్పింది డాక్టరమ్మ.

"పాతదైతే ఇన్నాళ్ళూ యాడుండిందమ్మా? దినామూ గడ్డి కోసేది నేనే గదా."

డాక్టరమ్మ ఆ పురుగును మోసే ఎలుకలన్నది, వానలన్నది, అసలు ఎప్పుడూ పోలేదేమో, మనమే వెతకడం మానేశామేమో అని కూడా అన్నది. అత్త నా వైపు తిరిగింది.

"నువ్వు సదివినదానివి గదా, నీకన్నా అర్థమాయనా?"

తలాడించాను. అబద్ధం. ఆ పక్కు సంగతి మూడు రోజుల ముందే ఎవరికైనా చెప్పి ఉంటే అత్తకు ఆ ఆయాసం వచ్చేది కాదేమో. ఆమె మాత్రం ఇంతవరకూ ఆ మాట ఎత్తలేదు. ఎందుకు ఎత్తలేదో అదీ నాకు అర్థం కాలేదు. పోయిన కాలం నిజంగానే పోతుందో, ఎక్కడో ఒదిగి కూర్చుని మన దారి చూస్తూ ఉంటుందో, నాకైతే ఇప్పటికీ తేలలేదు.