వాగు వచ్చిన సద్దుల బతుకమ్మ

నాకు మైకు అలవాటు చేసింది జగిత్యాలలో మా వీధి మురికికాలువ. అక్కడి ప్రభుత్వ పాఠశాలలో తెలుగు చెబుతూ కొన్నేళ్లు అద్దె ఇంట్లో ఉన్నాను. ఒక వానాకాలం కాలువ నీళ్లు ఇళ్లలోకి వస్తుంటే వార్డు సభ పెట్టారు. అధికారుల ముందు మాట్లాడమంటే ఆడవాళ్లంతా ఒకరి వెనక ఒకరు దాక్కుని, "టీచరమ్మా, నువ్వే చెప్పు" అని నన్ను ముందుకు తోశారు. తప్పక చెప్పాను. కాలువ బాగుపడడానికి చాలా కాలం పట్టింది కాని, నా గొంతు మైకులో బాగుంటుందన్న మాట మాత్రం వారంలో ఊరంతటికీ తెలిసిపోయింది. తరవాత మేం కోరుట్లలో ఇల్లు కట్టుకున్నాం. రక్తదాన శిబిరమైనా, గ్రంథాలయంలో పిల్లల పోటీలైనా, కాలనీ గణపతి దగ్గర పాటల కచేరీ అయినా నన్నే పిలిచేవాళ్లు.

నేను పుట్టింది సిరిసిల్లలో. అక్కడ మరమగ్గాలను సాంచాలంటారు. మా నాన్న జీవితమంతా ఆ సాంచాల మీదే గడిచింది. అమ్మ ఇప్పుడు అక్కడే మా తమ్ముడి దగ్గర ఉంటోంది. ఏ పండుగకు వెళ్లినా వెళ్లకపోయినా, తొమ్మిదోనాటి సద్దుల బతుకమ్మకు నేను అమ్మ దగ్గర ఉండాల్సిందే. ఆ సంగతి తెలిసిన సిరిసిల్ల ఉత్సవ కమిటీ అధ్యక్షుడు ఒక ఏడాది ఫోన్ చేశాడు. బట్టల దుకాణం ఆయనది. నాన్నను ఎరిగినవాడు.

"చెల్లె, ఎట్లాగూ అస్తున్నవ్ గద. మానేరు ఒడ్డుకు స్టేజి ఏస్తున్నం. మైకు నువ్వే వట్టాలె" అన్నాడు.

సరేనన్నాను.

ఆ రోజు సాయంత్రం సాంచాలు ఆగిపోయిన సందులు వింతగా, చెవులు మూసుకుపోయినట్టుగా ఉన్నాయి. అమ్మ పేర్చిన బతుకమ్మ నా నడుము ఎత్తున ఉంది. అడుగున గుమ్మడాకులు, వాటిమీద తంగేడు, రంగులద్దిన గునుగు, బంతి, పైన పసుపు గౌరమ్మ. తమ్ముడు దాన్ని మోసుకొచ్చి వాగు ఇసుకలో దించి వెళ్లిపోయాడు. ఊళ్లో చినుకు లేదు. ఎగువన మాత్రం ఆకాశం నల్లగా ఉంది. ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. బతుకమ్మ రోజుల్లో మబ్బు పట్టడం మాకు మామూలే.

మేం వాగు అని పిలుచుకునే మానేరు ఆ పక్క ఒక పాయగా, పలుచగా పారుతోంది. ఈ పక్కంతా ఇసుక. ఆ ఇసుకలో గుంపులు గుంపులుగా ఆడవాళ్లు బతుకమ్మలను మధ్యన పెట్టి చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. అంతమందిని ఒక్కచోట నేను ఎన్నడూ చూడలేదు. పాత మెట్లు ఒక వరదలో కూలిపోయాయి. కిందికి దిగడానికి, పైకి ఎక్కడానికి మిగిలింది ఒక్క మట్టి దారే. ఆ దారిలో సగాన్ని డీజే బండి ఆక్రమించింది. దాని పక్కనే ఇసుకలో మా స్టేజి. అమ్మ మోకాళ్ల నొప్పి మరిచిపోయి, దూరంగా నీళ్ల దగ్గరి గుంపులో కలిసిపోయింది. స్టేజి మీంచి చూస్తే ఆమె ఆకుపచ్చ చీర అప్పుడప్పుడు కనిపిస్తోంది.

చీకటి పడుతుండగా మహిళా ఎస్సై ఒకామె గబగబా దిగి వచ్చింది. చిన్న వయసే. స్టేజి ఎక్కి, జనానికి వీపు తిప్పి నిలబడింది. తన మొహం ఎవరికీ కనిపించకూడదని అలా నిలబడిందని తరవాత అర్థమైంది.

"మేడమ్, మైకు జర బంద్ చేసి ఇనుండ్రి. పైన వాన దంచి కొట్టింది. వాగు అస్తున్నది. ఎగువ ఊర్లళ్ల రోడ్లు మునిగినయట. గిదంత ఖాళీ చెయ్యాలె" అంది.

"ఎంత టైముంది?"

"అర్ధగంట అంటున్నరు. అంతకు ముందుగాల అచ్చినా అస్తది. ఎవలికెరుక?"

ముందు అమ్మ చీర కోసం వెతికాను. కనిపించలేదు.

పక్కనే ఉన్న అధ్యక్షుడు వినేశాడు. "గిప్పుడా? ముఖ్య అతిథి బయలెల్లిండు గదమ్మా" అన్నాడు.

"ఆయన్ని రోడ్డు మీదనే ఆపినం సార్."

ఆయన ఒక్క క్షణం ఆ మట్టి దారిని చూశాడు. ఆయన భార్య, ఇద్దరు కోడళ్లు కిందనే ఉన్నారు. "చెల్లె, వాగస్తుందని మాత్రం జెప్పకు" అన్నాడు. "ఆగం ఆగమైతది. వాగు సంగతి దేవుడెరుగు, ముందుగాల్ల గా దారిలనే పానాలు పోతయ్."

ఆ మాట కొట్టిపారేయదగింది కాదు. ఆ ఇరుకు దారిని, ఆ జనాన్ని చూస్తే నాకూ అదే భయం పట్టుకుంది. మైకు అందుకున్నాను.

"అమ్మలారా, అక్కలారా! పైన మైదానంలో లైట్లు పెట్టినం. బతుకమ్మలు పట్టుకుని అందరం మెల్లగ పైకి పోయి ఆడుకుందాం" అన్నాను.

పాటలు సగంలో ఆగాయి. ఆ తరవాత నవ్వులు మొదలయ్యాయి.

"ఆడిన బతుకమ్మను నీళ్లళ్ల ఎయ్యకుంట మల్ల ఎన్కకు మోస్తరా ఎవలన్న?" అని ఎవరో అరిచారు.

"పెద్దసారు కోసమేనా? గాయిన్నే కిందికి రమ్మను!" అని మరొకరు.

మళ్లీ చప్పట్లు, మళ్లీ పాట. ఎస్సై వాచీ చూసుకుంది. నేను ఇంకోసారి అదే మాట చెప్పాను. ఈసారి ఎవరూ పాట కూడా ఆపలేదు. ఎగువనుంచి తడి మట్టి వాసన ఒక్కసారిగా గాలిలో వచ్చింది.

స్టేజి చెక్కమీద చెయ్యి ఆనించి ఒక ముసలామె నావైపే చూస్తోంది. ఆమె ఎవరో నాకు తెలియదు. "ఓ బిడ్డా" అని పిలిచింది. "నీ మాట ఒకతీరుగున్నది, నీ మొకం ఒకతీరుగున్నది. ఏమైందో నిజం జెప్పు. మేం ఇనలేమా?"

అధ్యక్షుడి వైపు చూశాను. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఎస్సై తల ఊపింది.

"పాట ఆపుండ్రి!" అన్నాను. బళ్లో పిల్లల మీద కూడా అంత గట్టిగా అరవలేదు. "నేను ఇందాక చెప్పింది నిజం కాదు. పైన వాన పడ్డది. వాగు అస్తున్నది. మనకు టైమున్నది, గని దారి ఒక్కటే ఉన్నది. ఉరికితే పడుతం, పడితే తొక్కుకుంటం. నడిస్తే అందరం ఎక్కుతం. బతుకమ్మలను ఎక్కడివక్కడ వదులుండ్రి. మనం నీళ్లకాడికి పోవుడు కాదు, నీళ్లే అచ్చి గౌరమ్మను తీస్కపోతయ్. పిల్లతల్లులు, పెద్దమనుషులు ముందుగాల నడువుండ్రి."

చప్పట్లన్నీ ఒకేసారి ఆగిపోయాయి. మరుక్షణం ఎవరో తల్లి కూతురిని పేరు పెట్టి అరిచింది. దారికి దగ్గరగా ఉన్న గుంపు ఉరికింది. డీజే బండి దగ్గర జనం ఒత్తుకుపోయారు. ఒకామె పడిపోయింది. ఆమె మీద ఇంకొకామె పడింది. కానిస్టేబుళ్లు చేతులు అడ్డం పెట్టి "ఆగుండ్రి, ఆగుండ్రి" అంటున్నా వెనకనుంచి తోపు ఆగడం లేదు.

మాటలతో ఇక లాభం లేదనిపించింది. ఏం పాడాలో ఆలోచించలేదు. నోటికి వచ్చింది ఎత్తుకున్నాను.

"ఒక్కలెన్క ఒక్కలు ఉయ్యాలో, వరుస కట్టుండ్రమ్మ ఉయ్యాలో!"

గొంతు జీరపోయింది. ఎవరూ అందుకోలేదు. మళ్లీ పాడాను. అప్పుడు నీళ్ల దగ్గరి గుంపులోంచి ఒక్క గొంతు లేచింది. "వరుస కట్టుండ్రమ్మ ఉయ్యాలో!" సాంచాల చప్పుడు మధ్య బతికినవాళ్లకు గొంతు పెద్దది. అది మా అమ్మ గొంతు. ఆమె పక్కవాళ్లు అందుకున్నారు. వాళ్ల పక్కవాళ్లు.

"చెయ్యి చెయ్యి వట్టి ఉయ్యాలో, గడ్డకెక్కుండ్రమ్మ ఉయ్యాలో!"

గుండ్రంగా తిరుగుతున్నవాళ్లు ఒకచోట చెయ్యి వదిలారు. గుంపు విచ్చుకుని వరుస అయింది. ఒక వరుస తరవాత ఇంకో వరుస దారివైపు కదిలింది. దారి దగ్గర తోపు సడలింది. పడ్డవాళ్లను కానిస్టేబుళ్లు లేపారు. ఒకామె మణికట్టు పట్టుకుని ఏడుస్తూ పైకి నడిచింది.

కాని బండి అడ్డం ఉండగా వరుస సన్నగానే సాగుతోంది. ఎస్సై డ్రైవర్‌ను తియ్యమంది.

"బండి తీస్తే మైకు పోతది మేడమ్" అన్నాడు అతను.

ఆమె నావైపు చూసింది. నేను పాడుతూనే తియ్యమని చెయ్యి ఊపాను. తీగలు పీకేశారు. స్టేజి లైట్లు, నా గొంతు ఒకేసారి ఆరిపోయాయి. పైన రోడ్డు మీది వీధి దీపాల వెలుగే మిగిలింది. పాట తెగిపోతే మళ్లీ ఉరుకుడు మొదలవుతుందని భయపడ్డాను. తెగలేదు. ముందు వరుస పాడినదాన్ని వెనక వరుస అందుకుంటూ, దారిపొడుగునా అది నడిచిపోతూనే ఉంది.

నేను స్టేజి దిగి నీళ్లవైపు నడిచాను. అధ్యక్షుడు కూడా పైకి పోలేదు. పంచె ఎగగట్టి నాతోపాటే వచ్చాడు. దారిలో ఆయన కోడళ్లు ఎదురై "మామా, రాండ్రి" అన్నారు. "మీరు పోండ్రమ్మా" అని వాళ్లను పంపేసి, ఇసుకలో కూలబడ్డ ఒక పెద్దామెను చంకలో చెయ్యి వేసి లేపాడు.

అమ్మ అందరికంటే చివర ఉంది. పాడుతూనే ఒక్కొక్కరినీ ముందుకు తోస్తోంది. ఆమె పక్కన నడవలేని ముసలామె ఇంకొకామె నిలబడి ఉంది.

"అమ్మా, నడువు!" అన్నాను.

"నాకేమైతదే? గా ముసలామెను వట్టు ముందుగాల."

"ముందు నువ్వు నడువు!"

"చెప్తే ఇనవా? వట్టు!"

ఆ ముసలామెను నేను ఒక పక్క, అమ్మ ఒక పక్క పట్టుకున్నాం. అడుగు కింద ఇసుక మెత్తబడింది. ముందు చప్పుడు వినిపించింది, చాలా లారీలు దూరంగా బ్రిడ్జి ఎక్కుతున్నట్టు. ఆ తరవాత నురుగు, ఆకులు, పుల్లలతో పలుచని నీళ్లు మా మడమలను దాటుకుని ముందుకు పోయాయి. వెనక్కి చూశాను. ఇసుకలో వదిలి వచ్చిన బతుకమ్మలు కొంచెం వణికాయి, పక్కకు తిరిగాయి, ఒక్కొక్కటే లేచాయి. అమ్మ చెప్పు ఇసుకలో ఇరుక్కుని ఉండిపోయింది. దారి మొదట్లోకి వచ్చేసరికి నీళ్లు పిక్కలదాకా వచ్చాయి. ఎస్సై కిందికి వంగి ముసలామెను, తరవాత అమ్మను, తరవాత నన్ను పైకి లాగింది. అధ్యక్షుడు ఆఖరున ఎక్కాడు.

పైన రోడ్డంతా జనం. తల్లులు పిల్లల తలలు తడిమి చూసుకుంటున్నారు. పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు. అందరికీ అందరూ దొరికేదాకా ఎవరూ ఇంటిదారి పట్టలేదు. కింద స్టేజి చెక్కలు విడిపోయి కొట్టుకుపోయాయి. వాగు ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుదాకా నిండి పారుతోంది. దాని మీద వందల బతుకమ్మలు, పసుపు, ఎరుపు, తెలుపు, గిర్రున తిరుగుతూ పోతున్నాయి. ఎవరో చేతులెత్తి మొక్కారు. ఎవరో బావురుమన్నారు.

ఆట అయ్యాక పంచుకోవడానికి తెచ్చిన సద్ది గిన్నెలు కొన్ని కిందే పోయాయి. చేతుల్లో సద్ది మిగిలినవాళ్లు ఆ రోడ్డు మీదే మూతలు తీశారు. పెరుగన్నం, నువ్వుల పొడి కలిపిన అన్నం, పులిహోర. ఎవరిదో, ఎవరికో అని చూడకుండా పంచుకున్నారు. అమ్మ ఒంటి చెప్పుతో అరుగు మీద కూర్చుని, నా చేతిలో ఇంత ముద్ద పెట్టి, "గొంతు గంతగనం వణికిందేందే నీది? ఇంకింత గట్టిగ పాడరాదు?" అంది. నాకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

దెబ్బలు తగిలినవాళ్లున్నారు. మణికట్టు విరిగిన ఆమెకు కట్టు కట్టారు. ప్రాణం మాత్రం ఒక్కటీ పోలేదు.

పండుగ తరవాత కమిటీ ఒక సమావేశం పెట్టింది. ఎప్పుడూ మగవాళ్లే ఉండే ఆ హాలు ఆ రోజు ఆడవాళ్లతో నిండింది. నేను కోరుట్ల నుంచి బస్సులో వెళ్లి వాళ్ల మధ్యే కూర్చున్నాను. మాట్లాడమని పిలిస్తే నేను లేవలేదు. కట్టు కట్టిన చేతితో ఆమే లేచింది.

"పండుగ మాది. మునిగేది మేము. కొత్త మెట్లు ఎప్పుడు కడ్తరో గిక్కడ్నే చెప్పుండ్రి. ఇంకోటి, వాగస్తే వాగస్తుందని చెప్పుండ్రి. మాకు చెవులున్నయ్" అంది.

అధ్యక్షుడు లేచి నిలబడి చేతులు జోడించాడు. "అక్కా, ఆనాడు దాయిమన్నది నేనే. నాకు భయమైంది. ఇగ దాయం" అన్నాడు.

మెట్లు వెంటనే రాలేదు. అధికారులు వచ్చి కొలిచి పోయారు. పని ఆగింది. ఆడవాళ్లు మళ్లీ పోయి కూర్చున్నారు. చివరికి మట్టి దారికి అవతలి పక్క వెడల్పాటి మెట్లు పడ్డాయి. ఆ ఏడాది సద్దులకు అమ్మ కొత్త చెప్పులతో, ఒక్కో మెట్టూ పట్టి చూస్తూ దిగింది. నేను మైకు తీసుకుని, ఏ పక్కనుంచి దిగాలో, ఎటునుంచి ఎక్కాలో, పోలీసులు ఎక్కడున్నారో వివరంగా చెప్పడం మొదలుపెట్టాను. ఇంకా పూర్తికాకముందే కిందనుంచి ఎవరో అరిచారు.

"మాకెరుకే టీచరమ్మా, చెప్పింది చాలు గని, పాటెత్తు!"