మిత్రమా అన్న మాట మీద నా అభిప్రాయం

స్నేహం మీద నాటకమంటే ఇప్పుడు నాకు వెళ్ళకముందే అలసట వస్తుంది. తెర లేస్తుంది, ఇద్దరు భుజాల మీద చేతులేసుకుంటారు, మధ్యలో అపార్థం, చివర ఒకడు రెండోవాడి ఒళ్ళో తల పెట్టి చచ్చిపోతాడు. తొంభైల్లో విశాఖలో ఎక్కడ నాటక పోటీలు జరిగినా చూసి, ఒక చిన్న వారపత్రికకు అభిప్రాయాలు రాసేవాణ్ణి. ఎన్ని ఒళ్ళు, ఎన్ని తలలు చూశానో.

ఉద్యోగం ఉక్కు కర్మాగారంలో. మాది గోదావరి వైపు. పక్క మెషిన్ మీద పనిచేసే అతనిది విజయనగరం దగ్గర పల్లె. నేను చేరిన మొదటి రోజే, "ఏటి బావ, అన్నం తిన్నావా?" అన్నాడు. మా వైపు బావ అనాలంటే చుట్టరికం ఉండాలి. "మీరు మాకేమవుతారండీ?" అని అడిగితే పగలబడి నవ్వాడు. నా చేత ఆ 'అండీ' మాన్పించింది అతనే. షిఫ్టు బస్సులో రోజూ కిటికీ పక్క సీటు నాకు ఆపేవాడు.

అతనూ ఒక నాటకం రాసి పోటీల్లో వేయించాడు, స్నేహం మీదే. "ఉన్నదున్నట్టు రాసీ బావ, నానేటీ అనుకోను" అన్నాడు. నాకసలే కలం దురద. "ఇందులో స్నేహితులు గంటసేపు 'మిత్రమా' అనుకున్నారు. ఈ ఊళ్ళో అలా పిలిచేవాణ్ణి నేను చూడలేదు. రచయితకు అసలు స్నేహితులున్నారా అని అనుమానం" అని రాశాను. ఆ చివరి వాక్యం అక్కర్లేదని రాస్తున్నప్పుడే తెలుసు. చదవడానికి బాగుందని ఉంచేశాను.

పత్రిక వచ్చిన మర్నాడు కూడా సీటు ఆపాడు. నేను ఎక్కగానే లేచి, "కూర్చోండి" అని వెనక్కి వెళ్ళిపోయాడు. ఉన్నమాటంటే ఉలుకెక్కువ అని మొదట కోపమొచ్చింది. వారం తిరిగేసరికి సిగ్గే మిగిలింది. రెండుసార్లు క్షమాపణ అడిగాను. "అయ్యో, అదేం లేదండీ" అన్నాడు, రెండుసార్లూ. తిడితే పడేవాణ్ణి. నేను మానేసిన 'అండీ'ని అతను పట్టుకుంటే ఏం చెయ్యాలో తెలియలేదు. కొన్నాళ్ళకు వేరే విభాగానికి మారిపోయాడు.

పదేళ్ళ తర్వాత మధురవాడలో పోటీలకు వెళితే అదే నాటకం, తిరగరాసింది. ఈసారి స్టేజీ మీద "ఏటి బావ, అన్నం తిన్నావా?" అనుకుంటున్నారు. హాలంతా నవ్వింది. ఒళ్ళో చావు కూడా తీసేశాడు. చివర ఒకడు బస్సులో సీటు మారి కూర్చుంటాడు, తెర పడుతుంది. ఇన్నేళ్ళలో నేను చూసిన మంచి నాటకం అదే.

బయట గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. జుట్టు నెరిసింది. "ఎలా ఉందండీ?" అని అడిగాడు.

బావ అందామనే నోరు తెరిచాను. "బాగుందండీ" అన్నాను.