త్రాసు పళ్లేనికి బొట్టు

మా ఆయనకు తుపాకీ పిచ్చి పట్టించింది మా ఇంటి ఓనరు. జర్మనీలోని జీగెన్‌లో కొండమీద ఇల్లు, కింది అంతస్తులో మేము, పైన ఆ పెద్దాయన. రిటైరయ్యాడు, వేటగాడు. వారమంతా కోడ్ రాసి, శని ఆదివారాలు ఏం చెయ్యాలో తోచక ఇల్లంతా తిరిగే మా ఆయన ఒకరోజు పెద్దాయన వెంట అడవికి వెళ్లాడు. వెళ్లిన మనిషి ఊరికే తిరిగిరాలేదు. వేట పరీక్ష రాశాడు, లైసెన్స్ తెచ్చుకున్నాడు, చివరికి పొట్టి గొట్టం మాగ్నమ్ రివాల్వర్ ఒకటి కొన్నాడు. దెబ్బ తిన్న అడవిపంది పొదలోకి దూరితే పొడుగు తుపాకీ తిప్పడానికి చోటుండదట, అప్పుడు ఇదే దిక్కట. ఊళ్లో కోడిని కోస్తుంటే పక్కగదిలోకి వెళ్లిపోయే మనిషి నాకు చెప్పిన మాటలివి.

అక్కడితో ఆగినా బాగుండేది. షాపులో దొరికే తూటాలు పొడుగు గొట్టాలను దృష్టిలో పెట్టుకుని చేసినవట. పొట్టి గొట్టంలో వాటి మందు పూర్తిగా కాలకముందే బయటపడి భగ్గుమంటుందట, చీకట్లో ఆ మంటకు కళ్లు బైర్లు కమ్ముతాయట. కాబట్టి ఖాళీ తూటాలు తెచ్చుకుని తనకు సరిపడే మందు తానే నింపుకుంటానన్నాడు. దానికి మళ్లీ ఒక కోర్సు, ఒక పరీక్ష, ఆఫీసులో టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్. పాపకు కిటాలో, అంటే చంటిపిల్లల్ని పగలు చూసుకునే చోట, సీటు కోసం నేను నెలల తరబడి ఆఫీసుల వెంట పడుతున్నా ఉలుకూ పలుకూ లేదు. తుపాకీ మందు కొనుక్కునే పర్మిషన్ మాత్రం ఈయనకు చక్కగా పోస్టులో వచ్చింది. కెల్లర్‌లో అంటే నేలమాళిగలో బల్ల వేసి, తూటాలు నింపే ప్రెస్ బిగించి, పక్కన చిన్న త్రాసు పెట్టుకున్నాడు.

ఆయన కెల్లర్‌లోకి దిగినప్పుడల్లా నా ప్రాణం ప్రాణంలో ఉండేది కాదు. కూర కలుపుతూ కింది చప్పుళ్లు వినేదాన్ని. చప్పుడు వస్తే భయం, రాకపోతే ఇంకా భయం. పాపకు అప్పటికి ఏడాది కూడా నిండలేదు. నేను జర్మనీకి వచ్చింది ఆయన ఉద్యోగానికి ఇచ్చిన బ్లూ కార్డు వీసా మీద, కెమిస్ట్రీ మాస్టర్స్‌లో చేరింది వచ్చాకే. ఆ చేతికో కంటికో ఏమైనా అయితే మా ముగ్గురి బతుకూ రోడ్డున పడుతుందని ఎన్నిసార్లు మొత్తుకున్నానో. ఆయన దగ్గర ఒకటే జవాబు. మందు ఎక్కువైతే కదా ప్రమాదం, ప్రతి తూటాకూ తూచే పోస్తున్నాను కదా అని.

ఇంతలో దసరా వచ్చింది. ఆయుధ పూజ మా ఇంట్లో ఎప్పుడూ మానలేదు. కారుకు, సైకిళ్లకు, మిక్సీకి, నేను ల్యాబ్‌కు తీసుకెళ్లే కాలిక్యులేటర్‌కు కూడా తడి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాం. నన్ను ఏడిపించడానికి ఆయన పసుపు గిన్నె, కుంకుమ భరిణె పట్టుకుని కెల్లర్‌లోకి దిగాడు. అసలు ఆయుధాల సామాను అక్కడుంటే మిక్సీకి పూజలేంటని వెక్కిరించాడు. ప్రెస్ పిడికి ఒక బొట్టు, త్రాసు పళ్లేనికి ఒక బొట్టు. మందు పడేచోట కాదు, పళ్లెం అడుగున పెట్టానని, ఆ మాత్రం తెలివి తనకూ ఉందని పైకొచ్చి గొప్పలు చెప్పుకున్నాడు. ఆ సాయంత్రమే కూర్చుని ఒక డబ్బా నిండా తూటాలు నింపాడు.

శనివారం ఆ డబ్బా తీసుకుని ఓనరు కారులో షూటింగ్ క్లబ్బుకు వెళ్లాడు. నేను బట్టలు మెషీన్‌లో వేద్దామని కెల్లర్‌లోకి దిగాను. బల్ల మీద, త్రాసు కింద, ఎండిన పసుపు పెళ్లలు కనిపించాయి. పళ్లెం తీసి తిరగేశాను. బొట్టు సగమే మిగిలింది.

రోజూ ల్యాబ్‌లో త్రాసుతో పనిచేసేదాన్ని, నాకు ఆలోచించాల్సిన పని లేకపోయింది. తూచడం మొదలుపెట్టేముందు ఖాళీ పళ్లేన్ని ఒక్కసారి సున్నాకు తెచ్చుకోవడం ఆయనకు అలవాటు. అప్పుడు బొట్టు తడిగా, నిండుగా ఉంది. దాని బరువుతో కలిపే సున్నా పెట్టాడు. పని సాగేకొద్దీ పసుపు ఆరింది, రాలింది, పళ్లెం తేలికైంది. ఆ తగ్గిన బరువంతా మందుతో నిండింది. పెళ్ల చిన్నదే కావచ్చు. కానీ ఒక తూటాలో పట్టే మందే చిటికెడు. పైగా ఈయన తూటాల పుస్తకంలో రాసిన గరిష్ఠ మోతాదు అంచున నింపే రకం.

ఫోన్ చేశాను. క్లబ్బు రేంజ్ నేలమాళిగలో ఉంటుంది, అక్కడ సిగ్నల్ ఉండదు. పెద్దాయన ఫోన్ పైఅంతస్తులో మోగింది. శనివారం బస్సు ఎప్పుడొస్తుందో చూసే ఓపిక లేక, పాపను బండిలో పడుకోబెట్టి, పళ్లెం కోటు జేబులో వేసుకుని కొండ దిగాను. తడిసిన ఆకుల మీద బండి చక్రాలు జారుతున్నాయి. ఆయన్ని తిట్టుకున్నాను, పెద్దాయన్ని తిట్టుకున్నాను, దసరాను కూడా తిట్టుకుని వెంటనే లెంపలేసుకున్నాను. ఎదురొచ్చిన ఒకావిడ ఏమైందని అడిగితే తెలుగులోనే ఏదో చెప్పి బండి ముందుకు తోశాను.

క్లబ్బులో రేంజ్ తలుపు మీద ఎర్రలైటు వెలుగుతోంది. అది వెలిగినంతసేపు లోపలికి వెళ్లకూడదు. గంట నొక్కాను. లోపల ఒకటి పేలింది. మళ్లీ నొక్కాను. ఇంకొకటి పేలింది. గంట మీంచి వేలు తియ్యలేదు.

ఆఖరికి లైటు ఆరింది. చెవులకు పెట్టుకున్నవి మెడలోకి జార్చుకుంటూ ఆయన బయటికొచ్చాడు. ఒక్కో పేలుడుకూ రివాల్వర్ ఎందుకో ఇంకా గట్టిగా తంతోందని నవ్వుతూ చెప్పబోయాడు. నేను పళ్లెం చేతిలో పెట్టాను.

"సున్నా పెట్టినంకనే తూచిన" అన్నాడు.

"సున్నా పెట్టినప్పుడు బొట్టు నిండుగున్నది. తూచుకుంటపోతే అది రాలింది."

గోటితో గీకి చూశాడు. ఇంకో పెళ్ల ఊడి నేల మీద పడింది. ఆ మొహం అంత పాలిపోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

లోపల పెద్దాయన రివాల్వర్ తెరిచి పేలిన తూటాల డొల్లలు తీయబోతున్నాడు. మామూలుగా వేలితో నొక్కితే రాలిపోయేవి ఆరోజు ఉబ్బి బిగుసుకుపోయి కదల్లేదు. చెక్క సుత్తితో తట్టాల్సి వచ్చింది. డబ్బా చూపించి మిగిలినవి ఏవని అడిగాడు. ఆఖరున నింపినవని, అంటే మందు అన్నిటికంటే ఎక్కువ పడ్డవని, మా ఆయన నెమ్మదిగా చెప్పాడు. పళ్లెం అడుగున ఆ ఎరుపేమిటని కూడా అడిగాడు పెద్దాయన. దీవెన లాంటిదని ఈయన జర్మన్‌లో ఏదో చెప్పాడు. పెద్దాయన నవ్వలేదు. డబ్బా మూత పెట్టి, ఒక్కటీ పేల్చొద్దు, అన్నీ విప్పెయ్యమన్నాడు.

అప్పుడు పాప లేచి ఏడుపు అందుకుంది. ఆయన బండి దగ్గరికి వెళ్లి వంగాడు. చేతులు చాపి, మళ్లీ వెనక్కి తీసుకున్నాడు. దారంతా కూడబెట్టుకున్న తిట్లు నా నోటిదాకా వచ్చాయి.

"చేతులు వణుకుతున్నయ్" అన్నాడు నావైపు చూడకుండా. "నువ్వే ఎత్తుకో."