బియ్యం కడిగిన నీళ్ళు

మొన్న నందిగామలో ఏం వెలగబెట్టొచ్చానో చెబుతా. ముందు టీ తాగేయండి, వింటూ తాగితే పొలమారుతుంది.

మా హారిక ఎనిమిదో తరగతి. వాళ్ళ బడికి సైన్సు ప్రచారం చేసేవాళ్ళు కొందరొచ్చారు. "పుస్తకంలో ఉందని నమ్మొద్దు, చేసి చూడండి. మీ ఇంట్లో మీకొచ్చిన సందేహమే మీ ప్రయోగం" అని చెప్పి వెళ్ళారు. ప్రయోగాలన్నీ నందిగామ ప్రదర్శనలో పెడతారట. అక్కడ ఎంపికైతే విజయవాడలో క్యాంపు. ఆ క్యాంపులో పిల్లలే టెలిస్కోపు తయారుచేస్తారట. ఇక అన్నం తింటున్నా దీనికి టెలిస్కోపు మాటే.

ఓ రోజు అడిగింది. "అమ్మా, మన పేట బోరు నీళ్ళు కాస్తే గిన్నె అడుగున సున్నం కడుతుంది కదా. మరి ఆ నీళ్ళు తాగిన మొక్క ఏమవుతుంది?"

"ఏమో. నువ్వే చూడు" అన్నా.

అంతవరకు నేను మంచి తల్లినే.

ఖాళీ పెరుగు డబ్బాల్లో మట్టి నింపి మిరప నారు నాటింది. సగం డబ్బాలకి బోరు నీళ్ళు, సగానికి కుళాయి నీళ్ళు. అన్నిటికీ ఒకే గ్లాసు కొలత. బోరు, కుళాయి అని కాగితాలు అంటించి, వంటింటి వెనక పిట్టగోడ మీద వరసగా పెట్టింది. రోజూ స్కేలుతో కొలిచేది. "ఎవ్వరూ ముట్టుకోవద్దు!" అని ఆర్డరు.

ముట్టుకోలేదండి. ఒట్టి చెయ్యి కూడా తగిలించలేదు.

కాకపోతే బోరు డబ్బాల్లో ఆకులు ముడుచుకోవడం మొదలైంది. పొద్దున్నే చూస్తే ప్రాణం ఉసూరుమనేది. బియ్యం కడిగిన నీళ్ళు మా ఇంట్లో తూములో పొయ్యరు. మా అమ్మ పొయ్యలేదు, నేనూ పొయ్యను. ఏదో ఒక మొక్క మొదట్లో పడాల్సిందే. గిన్నె చేతిలో ఉంది. వాడిన నారు ఎదురుగా ఉంది. చెయ్యి దానంతటదే వంగింది. మర్నాడూ వంగింది. తర్వాత అలవాటైపోయింది. పోస్తున్నానన్న ధ్యాస కూడా లేదు!

బోరు మొక్కలు లేచాయి. లేవడమేమిటి, కుళాయి మొక్కల్ని దాటేశాయి.

"అమ్మా! బోరు నీళ్ళే గెలిచాయి!" అని గెంతుకుంటూ వచ్చింది. "అందరూ బోరు నీళ్ళు మంచివి కావన్నారా? నేను కనిపెట్టా!"

"గట్టిదానివే" అని ముద్దు పెట్టుకున్నా. నాకు తట్టలేదండి. బొత్తిగా తట్టలేదు.

ప్రదర్శన రోజు డబ్బాల ట్రే ఒళ్ళో పెట్టుకుని నందిగామ బస్సెక్కా. కండక్టరు చూసి, "ఆడవాళ్ళకే ఫ్రీ అమ్మా, మిరప మొక్కలకి కాదు" అన్నాడు. "మా అమ్మాయి ప్రయోగం" అని వెనక సీటు దాకా వినపడేలా చెప్పా.

హాలు నిండా జనం. ఎంపిక చేసే మేడం మా టేబుల్ దగ్గరికొచ్చింది. హారిక గడగడా చెప్పింది. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని, "ఇది నిజమైతే గొప్ప విషయమే. నీళ్ళు తప్ప ఇంకేమైనా వేశావా?" అంది.

"లేదు మేడం."

"ఇంట్లో ఎవరైనా?"

"లేదు మేడం. మా అమ్మ మీద ఒట్టు!"

అప్పుడు తట్టింది.

మేడం వంగి ఓ బోరు డబ్బాలో మట్టి కదిపింది. "మరి ఈ నూకలేంటమ్మా?"

హారిక నూకల్ని చూసింది. తర్వాత నన్ను చూసింది. తిట్టినా బాగుండేది.

"పారబొయ్యడమెందుకని..." అన్నా. అంతే వచ్చింది.

పక్క టేబుల్ తల్లి ఒకావిడ, "మా ఇంట్లోనూ అంతేనండి, కరివేపాకుకి పోస్తాం" అంది, సాయంగా. హాలంతా నవ్వు. ఎవరో మాస్టారు, "అయితే కనిపెట్టింది అమ్మగారన్నమాట!" అన్నాడు. మళ్ళీ నవ్వు.

నా బిడ్డ నవ్వలేదు. "సారీ మేడం. ఇది తప్పు ఫలితం" అంది. బోరు అని అంటించిన కాగితాలు తనే ఒక్కొక్కటీ పీకేసింది.

"తప్పని ఒప్పుకోవడం కూడా సైన్సేనమ్మా. మళ్ళీ చెయ్యి" అంది మేడం. మంచి మాటే. క్యాంపుకి మాత్రం ఎదురు టేబుల్ మీది అగ్నిపర్వతం ఎంపికైంది. లైట్లతో సహా షాపులో రెడీమేడ్‌గా కొన్నారట. దాంట్లో ఏ తల్లీ ఏమీ పొయ్యలేదు మరి.

తిరుగు బస్సులో ట్రే నాకివ్వలేదు. తనే పట్టుకుంది. దిగాక మెల్లిగా అడిగా.

"మళ్ళీ చేస్తావా?"

"చేస్తా."

ప్రాణం లేచొచ్చింది.

"మనింట్లో కాదు" అంది.

నిన్న కొత్త నారు పట్టుకెళ్ళి మా ఆడపడుచు ఇంట్లో పెట్టింది. ఊళ్ళో ఇంతమంది ఉండగా ఆవిడే దొరికిందా అన్నా.

"అత్తయ్య జన్మలో ఏ మొక్కకీ చెంబుడు నీళ్ళు పొయ్యలేదు. నువ్వే అంటావుగా! నాకలాంటివాళ్ళే కావాలి."

నిజమే. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆవిణ్ణి ఆ మాటే అంటున్నా. ఇప్పుడదే ఆవిడ క్వాలిఫికేషన్. నన్ను మాత్రం ఇద్దరూ గేటు దగ్గరే ఆపి, చేతుల్లో ఏముందో చూశాక గానీ లోపలికి రానివ్వడం లేదు.